ఎముకల ఇంజెక్షన్‌కి తేదీ తీసుకునే ముందు

చి. ల. సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారికి ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు (పడుచు వయసు ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.8 వచ్చిందని రాశావు. మైనస్ 2.5కి దిగితే ఎముకలు గుల్లబారినట్టే లెక్క. అందుకని ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముకల ఇంజెక్షన్ రాయడం సబబే. కానీ కింది దవడలో రెండు పళ్లు కదులుతున్న సంగతి ఆ డాక్టరుకి చెప్పలేదన్నావే, అక్కడే వచ్చింది చిక్కు. ముందు ఆవిణ్ణి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఇంజెక్షన్ తేదీ తర్వాత.

మన ఎముక ఎప్పటికప్పుడు పాతది కరుగుతూ, కొత్తది పడుతూ ఉంటుంది. ఈ మందు ఆ కరిగించే కణాలకు కళ్లెం వేస్తుంది. తుంటికీ వెన్నుకీ అది మేలే. పన్ను పీకిన గుంత మానాలంటే మాత్రం ఆ కరగడం, పడడం రెండూ సాగాలి. సాగకపోతే ఒక్కోసారి పుండు మూతపడదు, చిగురులోంచి ఎముక తెల్లగానో పసుపుగానో కనిపిస్తుంది. అలా 8 వారాలు దాటినా కప్పుకోకపోతే దవడ ఎముక చచ్చుబడిందంటారు.

ఈ ఇంజెక్షన్‌తో దవడ పాడైన కథలు విని మీ ఆడపడుచు భయపడుతున్నది దీని గురించే. అయితే ఆ కథలు ఎక్కువగా క్యాన్సర్ వార్డుల నుంచి వచ్చినవి. అక్కడ ఇదే మందు 4 మిల్లీగ్రాములు మూడు నాలుగు వారాలకోసారి ఎక్కిస్తారు. మీ అత్తగారికి ఏడాది మొత్తానికి 5 మిల్లీగ్రాములు. ఈ మోతాదులో వెయ్యిమందిలో ఒకరికి కూడా ఆ ఇబ్బంది రాదు. తుంటి విరిగి మంచాన పడే ప్రమాదం దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. పళ్ల భయంతో ఎముకల మందు మానిపించొద్దు, ముందు నోరు బాగుచేయించండి, అంతే.

పళ్ల డాక్టరుని దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయమనండి. విరిగి లోపలే మిగిలిన వేళ్లు, చీము పట్టిన చోట్లు అందులో బయటపడతాయి. కింది దవడ అడుగు అంచు 3 మిల్లీమీటర్ల కంటే పల్చగా ఉంటే ఒంట్లో ఎముక తగ్గిందేమోనని కూడా అనుమానిస్తారు. నిలవవన్న పళ్లు ఇప్పుడే పీకించి, గార తీయించండి. గుంత మీద చిగురు కప్పుకోవడానికి మామూలుగా రెండు మూడు వారాలు. షుగరు అదుపులో లేకపోతే ఇంకాస్త పడుతుంది. ఈలోగా విటమిన్ డి, కాల్షియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. డి తక్కువుండగా ఈ మందు ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోతుంది. కిడ్నీలు బాగా బలహీనంగా ఉంటే అసలు ఎక్కించరు.

డి సాచెట్లు 60,000 యూనిట్లవి రాస్తే అవి వారానికి ఒకటి. రోజూ పాలల్లో కలిపేసేవాళ్లున్నారు, జాగ్రత్త.

డాక్టరు ఇంజెక్షన్ బదులు వారానికోసారి వేసుకునే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ బిళ్ల రాస్తే, పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగాలి. కాఫీతో కాదు. అరగంట వరకు పడుకోకూడదు, ఏమీ తినకూడదు. చప్పరిస్తే నోరు పుండ్లు పడుతుంది. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ అనే మరో ఎముకల ఇంజెక్షన్ సంగతి వేరు. అది వాయిదా పడితే తగ్గిన జబ్బు ఎదురు తిరిగి వెన్నుపూసలు విరగొచ్చు. అది వాడేవాళ్లకు పన్ను పీకాల్సొస్తే ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని రోజు ఖాయం చేయాలి.

ఇక కట్టుడు పళ్లు. పన్ను పోయిన చోట దవడ గట్టు అరుగుతుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువ. పైదానికంటే కింది దవడ మరీ అరుగుతుంది. అందుకే కింది సెట్టు వదులై కదులుతుంది. పొడి, జిగురు వేసి నెట్టుకురావద్దు, లోపలివైపు మళ్లీ కొలత తీసి సరిచేయించండి. రాపిడి పుండే పెద్ద ముప్పు. ఆదివారం ఆదివారం ఫోను టార్చి వేసి చూడు: కింది దవడ లోపలివైపు, నాలుక పక్కన, చివరి దవడ పళ్ల దగ్గర ఎముక గట్టు ఒకటి ఉబ్బి ఉంటుంది. అక్కడ పొర చాలా పల్చన. ఎముక బయటపడేది ఎక్కువగా అక్కడే. ఎర్రగా ఉన్నా, వేలికి గరుగ్గా తగిలినా సెట్టు తీసేసి డాక్టరుకి చూపించండి. రెండు వారాల్లో మానని పుండు ఏదైనా చూపించాల్సిందే.

రాత్రి సెట్టు తీసి చన్నీళ్లలో వేయాలి, వేణ్నీళ్లకు వంకరపోతుంది. పేస్టుతో గీతలు పడతాయి, సబ్బు చాలు. కడిగేటప్పుడు కింద గిన్నెలో నీళ్లుంచండి, జారినా పగలదు. మిగిలిన సొంత పళ్లకు మెత్తని బ్రష్, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు, రెండు నిమిషాలు, రెండు పూటలా. బొగ్గు, ఇటుకపొడి బంద్.

మీ మామగారు ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పెరిగినవారు కదా, ఫ్లోరైడ్ అంటే మండిపడతారు. ఆ నీళ్లు తాగి పళ్లు గారపట్టి నడుములు వంగిన ఊళ్ల మనిషి, కోపం న్యాయమే. ఎముకల్లో ఫ్లోరైడ్ చేరినవాళ్లకు స్కాన్‌లో సాంద్రత బాగున్నట్టే కనిపిస్తుంది, ఎముక మాత్రం పెళుసు. ఆయనకు స్కాన్ తీయిస్తే ఆ ఊరి పేరు డాక్టరుకి చెప్పు. పేస్టు మింగకుండా ఉమ్మేస్తే చాలు, దాని భయం అక్కర్లేదు.

తిండి దగ్గర పొరపాటు ఏంటంటే, నమలలేక పెరుగన్నం మీదే బతికేయడం. ఈ వయసులో ఆవిడకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలల్లో 240 దాకా, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటుంది. బరువు 55 కిలోలైతే మాంసకృత్తులు 55 గ్రాములైనా అందాలి: గట్టిగా ఉడికిన పప్పు, గుడ్డు, పనీర్ తురుము. నువ్వులు మంచివే కానీ గింజలు సెట్టు కింద చేరి కోస్తాయి, మెత్తగా పొడి కొట్టి అన్నంలో కలుపు. కాల్షియం బిళ్ల భోజనమయ్యాక వేయాలి. థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

డి, క్రియాటినిన్ అంకెలు రాగానే రాయి. ఓపీజీ ఫిల్ము పారేయకుండా స్కాన్ రిపోర్టుతో పాటే దాచు.

మీ పెద్దమ్మ