కొంగకి మోకాలు ఎక్కడుంది? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పాప కొంగని చూసి "దీని మోకాలు వెనక్కి వంగుతోందేంటి" అంది. ఆవుకీ గుర్రానికీ ముందు కాళ్ళలో ఉన్నదాన్ని కూడా మనం మోకాలనే అంటాం. ఒక్కో జంతువులో ఒక్కోలా ఉంటే, ఏది మోకాలో సైన్స్ వాళ్ళు ఎలా తేలుస్తారు? - ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పాప భలే పాయింట్ పట్టుకుందండి. కొంగ కాలి మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర ఈకల్లో దాక్కుని ఉంటుంది, దాని మొహం మన మోకాలి లాగే ముందుకే ఉంటుంది. ఈసారి ఇంట్లో చికెన్ తెచ్చినప్పుడు లెగ్ పీస్ ఒకటి కొట్టించకుండా పక్కన పెట్టి పాపకి చూపించండి. పైన లావుగా ఉండేది తొడ, కింద డ్రమ్‌స్టిక్, ఆ రెండూ కలిసే చోటే మోకాలు, చర్మం తీసి వేలితో తడిమితే ముందు వైపు బుల్లి మోకాలి చిప్ప కూడా తగుల్తుంది. డ్రమ్‌స్టిక్ తినేటప్పుడు పెద్ద ఎముకకి ఆనుకుని సూదిలా సన్నగా ఇంకో ఎముక వస్తుంది చూశారా, మన పిక్కలో ఉండే రెండు ఎముకల్లో సన్నది, ఫిబ్యులా అంటాం, దానికి జోడీ అదే. ఇక షాపులో పొలుసుల కాలు నరికి పక్కన పడేస్తారే, కత్తి పడే ఆ కీలే చీలమండ. దాని కింద పొడుగ్గా ఉండే భాగం మన పాదంలో వేళ్ళకి వెనకుండే ఎముకలు కలిసిపోయి ఏర్పడింది, అంటే కోడైనా కొంగైనా మడమ ఎత్తి ఎప్పుడూ వేళ్ళ మీదే నడుస్తుందన్నమాట.

గుర్రం సంగతి ఇంకా బాగుంటుంది. ముందు కాల్లో మనం మోకాలు అనేది దాని మణికట్టు. ఆ కింద ఉండే పొడుగాటి ఎముక మన అరచేతిలో మధ్యవేలి వెనక ఉండేదానికి జోడీ, గిట్ట ఆ వేలి కొస, అంటే అంత పెద్ద జంతువు కాలికి ఒక్క వేలి మీద నిలబడుతోంది. అసలు మోకాలు వెనక కాల్లో, పైన డొక్క దగ్గర ఉంటుంది, చిప్ప ఉండేది అక్కడే. ఆవుకైతే బొటనవేలి నుంచి లెక్కపెడితే మూడో వేలూ నాలుగో వేలూ రెండూ నేలకి ఆనుతాయి, గిట్ట చీలి ఉండేది అందుకే.

ఇంతకీ ఎలా తేలుస్తారంటే, చేసే పని చూసి కాదు, ఆకారం చూసీ కాదు. ఏ ఎముక పక్కన ఏ ఎముక ఉంది, పిండంలో దేన్నుంచి తయారైంది, పాత శిలాజాల్లో అదే ఎముక ఎలా మారుకుంటూ వచ్చింది, ఈ మూడూ చూస్తారు. 1555లోనే పియర్ బెలాన్ అనే ఫ్రెంచ్ ఆయన మనిషి అస్థిపంజరాన్నీ పక్షి అస్థిపంజరాన్నీ పక్కపక్కన బొమ్మ గీసి, జోడీ ఎముకలకి ఒకే అక్షరం పెట్టాడు. 1843లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీష్ శాస్త్రవేత్త ఈ జోడీలకి నిర్వచనం ఇచ్చాడు, రూపం మారినా పని మారినా వేర్వేరు జంతువుల్లో అదే అవయవం అయితే హోమోలాగ్, పని ఒకటై అవయవం వేరైతే అనలాగ్ అని. ఎందుకలా జోడీలు కుదురుతాయో, అంటే ఉమ్మడి పూర్వీకుడి సంగతి, 1859లో డార్విన్ చెప్పాడు. నా లెక్కలో ఈ సబ్జెక్టుకి పునాది అంతా ఓవెన్ నిర్వచనమే. అనలాగ్‌కి ఉదాహరణ కావాలంటే, పాండా వెదురు పట్టుకోడానికి వాడే "బొటనవేలు" ఉంది కదా, అది వేలే కాదు, మణికట్టు దగ్గరి చిన్న ఎముక పెరిగి అలా అయింది, ఐదు వేళ్ళూ దానికి విడిగా ఉన్నాయి.

ప్రశ్న: మా ఇంట్లో ఒకమ్మాయి ఎంబీబీఎస్, ఒకబ్బాయి వెటర్నరీ. ఆమె పుస్తకంలో సుపీరియర్ వీనా కేవా, వాడి పుస్తకంలో క్రేనియల్ వీనా కేవా. రెండూ ఒకటేనా? - ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఒకటేనండి, తల వైపు నుంచి గుండెకి చెడు రక్తం తెచ్చే పెద్ద సిర. మనిషి నిలువుగా ఉంటాడు కాబట్టి తల వైపంటే పైన, సుపీరియర్ అన్నారు. ఆవు నాలుగు కాళ్ళ మీద నిలబడితే తల వైపు ముందవుతుంది, పైన ఉండేది వీపు, అక్కడ సుపీరియర్ అంటే తప్పుదారి పట్టినట్టే. యాంటీరియర్ అనే మాటతో ఇంకా ప్రమాదం, మనిషిలో పొట్ట వైపు అని అర్థం, ఆవులో అయితే తల వైపు అనుకుంటారు. మనిషి శరీరానికి 1895లో బాసెల్‌లో పేర్లన్నీ ఒక జాబితాగా ఖాయం చేశారు, జంతువులకి అలాంటి వెటర్నరీ జాబితా 1968లో వచ్చింది, అందులో తల వైపుకి క్రేనియల్, తోక వైపుకి కాడల్, వీపు వైపుకి డార్సల్ అని పెట్టుకున్నారు, జంతువు నిలబడినా పడుకున్నా ఇవి మారవు. మరి తలలోనే తల వైపు అంటే ఎటు? అందుకని అక్కడ ముక్కు వైపుకి రోస్ట్రల్ అంటారు. కంటి లోపలి భాగాలకి మాత్రం యాంటీరియర్, పోస్టీరియర్ అలాగే ఉంచేశారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివితే ఇద్దరికీ లాభమే.

ప్రశ్న: బొద్దింక కాల్లో కూడా ఫీమర్, టిబియా అని రాస్తున్నారు. దానికి ఎముకలే లేవు కదా? - డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: లేవు. పురుగు కాలికి గట్టితనం పైపెంకు వల్ల వస్తుంది. మన కాలి ఎముకల పేర్లు, తొడ ఎముకకి ఫీమర్, పిక్కలో పెద్ద ఎముకకి టిబియా అని, ముందే ఉన్నాయి, వరుసలో పోలిక కనిపించింది, తెచ్చి పెట్టేశారు, అంతకుమించి చుట్టరికం లేదు. కాలు మొలిచే చోట పనిచేసే జన్యువుల్లో కొన్ని ఈగలోనూ ఎలుకలోనూ దగ్గరివే, కానీ జన్యువు ఒకటైనంత మాత్రాన అవయవం ఒకటైపోదు. ఈ తేడా కంప్యూటర్‌కి తెలీదు కాబట్టి ఊబెరాన్ లాంటి డేటాబేస్‌లలో ప్రతి అవయవానికీ ఇది దేనిలో భాగం, దేన్నుంచి పెరుగుతుంది అని విడివిడిగా రాసి పెడతారు, లేకపోతే మనిషి, ఎలుక, జీబ్రాఫిష్ సమాచారం పేరు ఒకటే అని కలిసిపోయి మొత్తం గందరగోళం.

ప్రశ్న: కోడి రెక్కలో మూడు వేళ్ళుంటాయట. అవి ఏ మూడు? ఒక్కో పుస్తకంలో ఒక్కో నంబర్ ఉంది. - జువాలజీ లెక్చరర్, ఖమ్మం

జవాబు: మేడమ్, నంబర్లు తేడాగా ఉన్నది అచ్చుతప్పు కాదు. పక్షుల పూర్వీకులైన డైనోసార్ల శిలాజాలు చూస్తే చివరి రెండు వేళ్ళు కుదించుకుపోతూ పోయాయి, బొటనవేలు 1 అనుకుంటే ఆ లెక్కన మిగిలినవి 1, 2, 3. గుడ్డులో పిండాన్ని చూస్తే వేళ్ళు మొదలయ్యే చోటు 2, 3, 4ది. 1999లో వాగ్నర్, గాతియే అనే ఇద్దరు, చోటు 2, 3, 4దే అయినా తయారయ్యేవి 1, 2, 3 వేళ్ళే, గుర్తింపు, అంటే అది ఏ వేలుగా తయారవుతుందన్నది, ఒక చోటు పక్కకి జరిగింది అన్నారు. 2011లో జపాన్‌లో కోడి పిండాల మీద చేసిన పని కూడా 1, 2, 3 వైపే మొగ్గింది. నాకూ అదే బలంగా అనిపిస్తుంది, ఎందుకంటే వేలు మొలిచిన చోటూ ఆ వేలి గుర్తింపూ ఎప్పుడూ కలిసే ఉండాలనేమీ లేదు. క్లాసులో మాత్రం నంబర్ ఒక్కటే చెప్పి వదిలెయ్యకండి, ఒక కోడి రెక్క తెప్పించి, మడత దగ్గర పొడుచుకొచ్చే చిన్న వేలినీ దాని తర్వాత రెంటినీ చూపించి, ఈ పుస్తకం చోటుని బట్టి లెక్కపెట్టిందా గుర్తింపుని బట్టి లెక్కపెట్టిందా అని పిల్లల్నే అడగండి.