జెరూసలేం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. దావీదు నుంచి 1967 యుద్ధం దాకా మూడు వేల ఏళ్లనీ పది పేజీల్లో కుక్కేశావు. క్రీ.శ. 70లో రోమన్లు, 1099లో యూరప్ నుంచి దండెత్తి వచ్చిన క్రైస్తవ సేనలు, అదే క్రూసేడర్లు, 1187లో వాళ్ల నుంచి ఊరు లాక్కున్న ముస్లిం సుల్తాన్ సలాదీన్... తేదీల్లో తప్పుల్లేవు. చదువుతుంటే మాత్రం రైల్వే టైంటేబుల్ చూస్తున్నట్టుంది. ఆ ఊళ్లో జనం ఎలా బతికారో ఒక్క ముక్క లేదు.

గోడల లోపలి పాత నగరమంతా కలిపినా చదరపు కిలోమీటరుకి మించదు. అందులో ఏదో ఒక గుమ్మం పట్టుకో. నేనైతే హోలీ సెపల్కర్ చర్చి తలుపు దగ్గర నిలబడతాను. ఏసును సిలువ వేసి, సమాధి చేసిన చోటని క్రైస్తవులు నమ్మే చర్చి అది. ఆరు శాఖలవాళ్లు పంచుకుంటారు. తాళంచెవి ఉండేది జూదే అనే ముస్లిం కుటుంబం దగ్గర. తలుపు తీసేది నుసైబే అనే మరో ముస్లిం కుటుంబం. పొద్దున్నే లోపలున్న పాదిరి, తలుపుకున్న చిన్న కంతలోంచి నిచ్చెన బయటికి అందిస్తాడు. తలుపు తీసే ఆయన అదెక్కి పై తాళం తీస్తాడు. ఇది రాయి. రాసి, మతసామరస్యం మీద ఉపన్యాసం మాత్రం అందుకోకు. ఆ శాఖల హక్కులు ఎక్కడివక్కడే ఉండాలని 1852లో, అప్పట్లో ఊరినేలిన ఒట్టోమన్ (టర్కీ) సుల్తాన్ ఫర్మానా ఇచ్చాక కూడా అక్కడ గొడవలు ఆగలేదు. నీడ కోసం ఒకాయన కుర్చీ కాస్త జరిపాడని 2002లో ఆ చర్చి మిద్దె మీద కాప్టిక్ (ఈజిప్టు క్రైస్తవ శాఖ), ఇథియోపియన్ సన్యాసులు కొట్టుకుని ఆసుపత్రి పాలయ్యారు. అదీ రాయి, నవ్వొస్తే రానీ.

1099 ఊచకోత దగ్గర గుర్రాల కళ్లేల దాకా నెత్తురు పారిందన్నావు. అది క్రూసేడర్ల వెంట వచ్చిన రేమండ్ అనే పాదిరి రాసిన మాట. బైబిల్లో ప్రకటన గ్రంథం 14వ అధ్యాయం తీసి చూడు, కళ్లేలూ నెత్తురూ అక్కడే ఉన్నాయి. తమ గెలుపు దేవుడి తీర్పని చెప్పుకోవడానికి ఆయన రాసినదాన్ని నువ్వు కొలత అనుకున్నావు. ఊచకోత నిజమే. ముస్లింలతో పాటు యూదులనీ చంపారు; నీ పేజీలో యూదులే లేరు.

సలాదీన్ అందర్నీ క్షమించి వదిలేశాడన్నావు. ఊళ్లో చిక్కిన క్రైస్తవుల్లో, విడుదలకి మగవాడికి పది బంగారు దినార్ల చొప్పున కట్టగలిగినవాళ్లు బయటపడ్డారు. ఎవరో ఒకరు దయతలచి విడిపించినవాళ్లు పోగా, కట్టలేని వేలమంది బానిసలయ్యారు. మంచివాడనే పేరున్న రాజు దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలయ్యా.

చివర్లో శాంతి కోసం చేసిన ప్రార్థన తీసెయ్. సంక్రాంతిలోపు తిరగరాసి పంపు, సంపాదకుడితో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య