ఆ స్కాన్ ఎక్కడ తీస్తారు?

చిరంజీవి సౌజన్యకు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడుస్తోంది. కానీ ‘ఆత్మహత్య ఆలోచనల్ని ఇక స్కానే పట్టేస్తుంది’ అన్న నీ హెడ్డింగ్ చూడగానే నాకు ఒక పాత ఫోన్ కాల్ గుర్తొచ్చింది.

2017లో ఇదే పరిశోధన గురించి నేనూ ఇలాగే రాశాను. అమెరికాలో మార్సెల్ జస్ట్, డేవిడ్ బ్రెంట్ బృందం చేసిన పని అది. మనుషుల్ని ఎఫ్ఎంఆర్ఐ (మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపే స్కాన్) మెషిన్‌లో పడుకోబెట్టి ‘చావు’, ‘క్రూరత్వం’, ‘మెప్పు’ లాంటి 30 మాటలు చూపించారు. మెదడు స్పందించిన తీరును బట్టి ఆత్మహత్య ఆలోచనలు ఎవరికున్నాయో కంప్యూటర్ 91 శాతం సరిగ్గా చెప్పిందన్నారు. నా వ్యాసం అచ్చయిన మర్నాడు ఒకావిడ ఫోన్ చేశారు. వెనక కుక్కర్ విజిల్ వేస్తోంది. గొంతు బాగా తగ్గించి, “సార్, ఆ స్కాన్ ఎక్కడ తీస్తారు? ఎంతవుతుంది? మావాడు నాలుగు రోజులుగా గదిలోంచి రావట్లేదు” అన్నారు. డాక్టరుకు చూపించండమ్మా అని పెట్టేశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఆ పరిశోధన పత్రాన్ని 2023లో వెనక్కి తీసుకున్నారు. నీ వ్యాసంలో ఆ సంగతే లేదు. 91 శాతం లెక్క కట్టింది 34 మంది మీద: ఆలోచనలున్నవాళ్లు 17, లేనివాళ్లు 17. పైగా ఏ మాటలు, మెదడులో ఏ చోట్లు పనికొస్తాయో ఎవరి స్కాన్లు చూసి ఎంచుకున్నారో, చివరికి పరీక్ష పెట్టిందీ వాళ్ల మీదే. జవాబులు చూసుకుని రాసిన పరీక్ష లాంటిదన్నమాట. టిమొతీ వెర్‌స్టైనెన్, కాన్రాడ్ కార్డింగ్ అనే పరిశోధకులు ఈ లోపాన్ని బయటపెట్టారు.

పోనీ, 91 శాతం నిజమే అనుకుందాం. డిప్రెషన్‌తో ఉన్న వెయ్యిమందిలో పదిమంది ప్రమాదంలో ఉన్నారనుకో. స్కాన్ వాళ్లలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. దాంతోపాటు ఏ ప్రమాదమూ లేని 89 మంది మీద కూడా ముద్ర వేస్తుంది. ఈ లెక్క కాగితం మీద నువ్వే వేసి చూడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఆ 17 మందికి అలాంటి ఆలోచనలున్నాయని పరిశోధకులకు ముందే ఎలా తెలిసింది? అడిగారు, వాళ్లు చెప్పారు. నోరు తెరిచి అడిగితే తెలిసిన విషయాన్నే మెషిన్ మళ్లీ చెప్పింది.

పరిశోధన వద్దనడం లేదు. కొలంబియా యూనివర్సిటీలో జాన్ మాన్ బృందం పెట్ అనే మరో రకం స్కాన్లతో సెరొటోనిన్ అనే మెదడు రసాయనం గురించి ఏళ్ల తరబడి చేస్తున్నది విలువైన పని. అది జబ్బును అర్థం చేసుకోవడానికి. ఇవాళ ఇంట్లో ఉన్న పిల్లాడికి అది సమాధానం కాదు.

ఇంకోమాట. ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని మూడుచోట్ల రాశావు. దోపిడీకి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు. పోయినవాడి తల్లి కూడా ఆ వాక్యం చదువుతుంది. ‘ఆత్మహత్య చేసుకున్నాడు’ చాలు.

ఆవిడకు నేను చెప్పాల్సింది ఇది: “వాడి పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని సూటిగా అడగండమ్మా. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.” ఇవాళైతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 కూడా ఇచ్చేవాణ్ని. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ ముక్కల్ని నీ వ్యాసం మొదటి పేరాలోకి తెచ్చి, హెడ్డింగ్ మార్చి పంపు. ఆదివారంలోగా చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు