దాచుకున్నవన్నీ చదవాల్సిందేనా?

ప్రశ్న: తర్వాత చదువుదామని ఫోన్‌లో దాచుకున్న లింకులు వందలు దాటాయి. యూట్యూబ్‌లో ‘వాచ్ లేటర్’ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ కొత్తవి చేరుతూనే ఉంటాయి, కాస్త ఖాళీ దొరికితే మాత్రం రీల్సే చూస్తున్నాను. ఏది ముందు చూడాలో, ఏది వదిలేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా, ఆ లింకులన్నీ మీరు తీర్చాల్సిన బాకీ అనుకోవడం మానేయండి. వాటిని దాచిన రోజు ఆసక్తి ఉంది, ఇప్పుడు లేదు, అందులో మీ తప్పేమీ లేదు. ఇలా దాచుకోవడం కోసమే 2007లో మొదలైన పాకెట్ అనే సర్వీసును ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2025 జులైలో మూసేసింది. నేనూ అందులో ఏళ్ల తరబడి దాచినదాన్నే. మూసేసేముందు నా లిస్టు డౌన్‌లోడ్ చేసుకుని చూస్తే, హెడ్డింగ్ చదివినా ఎందుకు దాచానో గుర్తురానివే ఎక్కువ. నిజంగా కావాల్సినవి ఐదారు ఉన్నాయేమో, అవి కూడా వెతికితే మళ్లీ దొరికేవే.

అప్పటినుంచీ ఏదైనా దాచేటప్పుడు పక్కనే ఎందుకో ఒక ముక్క రాసుకుంటున్నాను. ‘అమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత చేయించాల్సిన ఎక్సర్‌సైజులు’ అని రాయగలిగానంటే అది ఈ వారమే చూడాల్సింది. ‘బాగుంది’ అని తప్ప ఇంకేమీ తోచకపోతే దాచను. మీరు అడిగిన ముందూ వెనకా తేలేది అక్కడే, తర్వాత కూర్చుని సర్దితే తేలదు.

రీల్స్ దగ్గర ఇది పనిచేయదు, ఎందుకంటే అక్కడ ఎంచేది మీరు కాదు. 2016లో ఇన్‌స్టాగ్రామ్ తేదీల వరస తీసేసి, మీకు ఏది నచ్చుతుందో అంచనా వేసి పేర్చడం మొదలుపెట్టింది, పైగా ఎంత లాగినా అడుగు తగలదు, ఇక చాలు అనిపించే చోటంటూ ఉండదు. అలాంటిదాన్ని మనసు గట్టి చేసుకుని గెలవాలనుకుంటే అలసిపోతారు. సెట్టింగులు మార్చడం తేలిక. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది చెరిపేయండి. హోమ్ పేజీలో సిఫార్సులు రావు, దాదాపు ఖాళీ పేజీ, పైన సెర్చ్ పెట్టె, అంతే. మొదటిసారి అది చూసినప్పుడు దేనికోసం తెరిచానో నాకే గుర్తురాక కాసేపు అలాగే ఉండిపోయి, ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇష్టంగా చదివే నలుగురైదుగురి రాతలు మాత్రం వదులుకోకండి. మీరు ఎంచుకున్న సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకేచోట చూపించే యాప్ ఒకటుంటుంది, ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ అంటారు. వాళ్లను అందులో చేర్చుకుంటే వాళ్లు రాసినవి రాసిన వరసలో వస్తాయి, అయిపోతే అయిపోయినట్టే.

ఇక ఆ పాత లిస్టు. చెరిపేయడానికి చెయ్యి రాకపోతే మొత్తం ఒక ఫైల్‌లో పెట్టి, నెల తర్వాతి తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఈలోగా ఒక్కసారీ ఆ ఫైల్ తెరవకపోతే ధైర్యంగా తీసేయండి.