సమాధానం: తోట కాపలాకి చీప్ పిస్టల్ పనికొస్తాదా?

అన్నా, పలమనేరు దగ్గర మీ తోట మీదికి ఏనుగులు వస్తాండాయి, తక్కువ రేటుకి నాటు పిస్టల్ దొరుకుతాది, తీసుకుందామా అని అడిగినావు కదా, వద్దే వద్దు. వాటికి బ్యారెల్ అంటే మామూలు ఇనప గొట్టమే, తూటా ప్రెషర్‌కి అది పగిలిందంటే పోయేది నీ చెయ్యే, పైగా లైసెన్స్ లేకుండా దొరికితే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కనీసం 2 ఏళ్ళు జైలు. నిజంగా మనుషుల నుంచి ప్రాణభయం ఉంటే కలెక్టరుకి లైసెన్స్ అప్లికేషన్ పెట్టుకో, వస్తే కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీలో చేసే .32 (అది తూటా సైజు) రివాల్వర్ చూడు, ఒక తూటా పేలకపోయినా మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరిగి తర్వాతది వస్తాది, రేటెక్కువే కానీ నమ్మొచ్చు. ఏనుగు మాత్రం ఈ రెండిట్లో దేనికీ ఆగదన్నా, గాయమైతే ఇంకా మీదికొస్తాది, చస్తే వన్యప్రాణి చట్టం కేసు. గుంపు కనపడగానే ఫారెస్టోళ్ళకి ఫోన్ చెయ్యి, అంతవరకూ రాత్రిళ్ళు తోటలో ఒక్కడివే పడుకోవద్దు.