చందా అడిగే ముందు నాన్నగారిని అడగండి

ఒడిశాలోని బరంపురం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు ముప్పై రెండు, అవివాహిత. తమ ఊరి పట్టునేత మీద మూడేళ్ళుగా సొంత ఖర్చుతో డాక్యుమెంటరీ తీస్తున్నారు. చిత్రీకరణ పూర్తయింది. ఎడిటింగుకు, శబ్దానికి, ఉపశీర్షికలకు మరో ఐదు లక్షలు కావాలి. ఆ డబ్బు కోసం ఇంటర్నెట్‌లో పది మంది దగ్గర చందాలు పోగుచేసే క్రౌడ్ ఫండింగ్ మొదలుపెట్టి, లక్ష రూపాయలు ఇచ్చినవారికి కీర్తిశేషురాలైన తన తల్లి పెళ్ళి పట్టుచీరను కానుకగా ఇస్తానని ప్రకటించారు. హైదరాబాదు నుంచి ఒకరు ముందుకు వచ్చారు, డబ్బు ఇంకా పంపలేదు. "అమ్మ చీరను వేలం వేస్తావా, ఊరి ముందు చేయి చాచి ఇంటి పరువు తీస్తావా" అని అన్నయ్య, వదిన మండిపడుతున్నారు. అమ్మ జ్ఞాపకాన్ని ఒక మంచి పని కోసం వదులుకోవడం తప్పా, అన్నయ్యను ఎలా ఒప్పించాలి అని ఆమె అడుగుతున్నారు.

జవాబు:

అమ్మా, మీ రెండు ప్రశ్నలకూ ముందు క్లుప్తంగా సమాధానం చెప్పి పక్కన పెడతాను, ఎందుకంటే మీ ఇబ్బంది ఆ రెండింటిలోనూ లేదు. పది మంది దగ్గర డబ్బు అడగడం పరువు తక్కువ పని కాదు. మీ ఊళ్ళో రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి జాతరకు చందా రాయని ఇల్లు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో మీ అన్నయ్యను చెప్పమనండి. 1976లో 'మంథన్' సినిమాకు గుజరాత్ పాడి రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకున్నారు. ఆ సినిమా వల్ల ఎవరి పరువూ పోలేదు. లెక్క చెప్పగలిగిన చందా బిచ్చం కాదు. ఇక చీర ఇవ్వడం తప్పా అంటే, మీ సొంత వస్తువును మీరు ఇచ్చుకోవడం తప్పు కాదు. కానీ ఆ చీర మీ ఒక్కరి సొంతం కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన తల్లి ఆస్తిలో కొడుకులకు, కూతుళ్ళకు, భర్తకు సమానమైన హక్కు ఉంటుంది. మీ అన్నయ్య తన వాటా గురించి గట్టిగానే అరిచారు. మూడో వాటాదారు గురించి ఇటు మీరూ, అటు మీ అన్నయ్యా ఆలోచించినట్టు లేదు.

నాలుగు పేజీల ఉత్తరంలో మీ నాన్నగారు కనిపించేది మూడే చోట్ల. మొదటి పేజీలో, పెళ్ళి కుదిరాక ఆ చీరను ఆయనే తన గుంటమగ్గం మీద గుడి శిఖరాల వరుసలాంటి కుంభం అంచు పెట్టి నేశారని రాశారు. రెండో పేజీలో, ఆరేళ్ళ క్రితం అమ్మ పోయాక గిట్టుబాటు కాక మగ్గం ఆపేశారని రాశారు. చివరి పేజీలో మీరు ఉద్యోగం మానేసిన రోజు ఆయన అన్న మాట ఉంది: "నేసినవాడికే కూడు పెట్టని నేత నీకేం పెడుతుంది?" దాని కిందనే, "అప్పటి నుంచి ఆయనతో పొడి మాటలే. ఆయన ఏమీ అనరు లెండి" అని ముగించారు. వదిన అన్న మాటలకు ఒకటిన్నర పేజీ ఇచ్చిన మీరు, నాన్నగారికి ఇచ్చింది ఈ నాలుగు ముక్కలే.

ఏమీ అనరని ఎలా తెలిసింది? అడిగారా? తన చేత్తో నేసి, తన భార్య పెళ్ళి పీటల మీద కట్టుకున్న చీరను కూతురు ముక్కూముఖం తెలియని వారికి కానుకగా రాసిస్తోందని ఆయన మీ నోటి ద్వారా విన్నారా, లేక కోడలు కేకలు వేస్తుంటే వసారాలో కూర్చుని విన్నారా? రెండోదే జరిగి ఉంటుందని నా అనుమానం. అదే నిజమైతే, అన్నయ్య కోపం కంటే వెయ్యి రెట్లు పెద్ద అన్యాయం అక్కడ జరిగింది.

ఇంకొకటి అడుగుతాను, నొచ్చుకోకండి. మీ వీధిలో మగ్గం ఆడుతున్న ఇళ్ళన్నీ చిత్రీకరించానని గర్వంగా రాశారు. మగ్గం ఆగిపోయిన మీ ఇంటి సంగతి ఏమిటి? నాన్నగారిని కెమెరా ముందు కూర్చోబెట్టానని మాత్రం ఎక్కడా రాయలేదు. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చిందనీ, ఆడవారి చీరను, మగవారి పంచెను కలిపి జోడుగా నేయడం మీ ఊరి ప్రత్యేకత అనీ మీ ప్రచార వీడియోలో చెప్పారట. బాగుంది. ఆ జోడు నేసే చేయి ఒకటి మీ ఇంట్లోనే ఖాళీగా ఉంటే, దాన్ని వదిలి వీధంతా తిరిగారు.

మగ్గం గిట్టుబాటు కాక ఆగిందని మీరు ఒక్క వాక్యంలో తేల్చారు. కూలి చాలకపోవడం నిజమే కావచ్చు. అయితే నేతగాని ఇంట్లో పుట్టిన మీకు తెలియనిది కాదు, మగ్గం ఒక్క మనిషి పని కాదు. ఆయన నాడె (పేక దారాన్ని అటూ ఇటూ నడిపే పనిముట్టు) ఆడించాలంటే పక్కన కూర్చుని ఆ దారాన్ని కండెలుగా చుట్టే చేయి ఉండాలి, మీ ఇంట్లో ఆ చేయి అమ్మదే అయి ఉంటుంది. ఆమె పోయిన ఏడాదే మగ్గం ఆగిందంటే కారణం కూలి ఒక్కటేనని నేను నమ్మను. ఇది నా ఊహ మాత్రమే, నిజం చెప్పవలసినది ఆయనే. మూడేళ్ళుగా నేతగాళ్ళ కష్టసుఖాలు అడిగి రికార్డు చేస్తున్న మీకు ఈ ప్రశ్న ఆయనను అడగాలని తోచకపోవడమే నాకు బాధ కలిగించింది.

ఆయన అన్న మాట మీకు ఇంకా గుచ్చుకుంటోంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టవలసిన అవసరం పిల్లలకు రాకూడదని చదివించిన తండ్రి, ఆ చదువుతో వచ్చిన ఉద్యోగాన్ని వదిలి అదే నేత వైపు వచ్చిన కూతురిని చూసి ఇంకేమంటారని ఆశించారు? అది శాపం కాదు, ఆ మాటలో ఉన్నది భయం. మాట కటువుగానే వచ్చింది, కాదనను. కానీ ఒక్క మాటకు మూడేళ్ళు అలగడం పెళ్ళి కావలసిన పద్దెనిమిదేళ్ళ పిల్లకు చెల్లుతుందేమో, మీకు చెల్లదు. కన్నవారితో మాట మానుకుని ఊరికి చేసే సేవ మీద నాకు పెద్ద గౌరవం లేదు. పాతకాలపు మనిషినని అనుకుంటే అనుకోండి.

కాబట్టి ఈ రోజే మొదట చేయవలసినది ఒకటి చెబుతాను. ఆ కానుకల పట్టిక నుంచి చీరను తీసివేయండి. హైదరాబాదు వారికి, ఇంట్లో పెద్దల అనుమతి తీసుకోకుండా ప్రకటించాను, మన్నించండి అని మర్యాదగా రాయండి. డబ్బు ఇంకా రాలేదు కనుక ఇది మాట తప్పడం కిందికి రాదు. వచ్చాక తీసివేస్తే ఆ నింద తప్పదు. లక్ష ఇచ్చేవారికి మరేదైనా ఇవ్వాలనుకుంటే, మీరు చిత్రీకరించిన నేతగాళ్ళలో ఒకరికి ముందుగా పూర్తి కూలి ఇచ్చి కొత్త జోడు నేయించి పంపండి. దాత ఇచ్చిన సొమ్ములో కొంతైనా మగ్గానికి చేరుతుంది. చిన్న మొత్తాలు ఇచ్చేవారికి చిత్రం చివర పేర్లు, ఊళ్ళో మొదటి ప్రదర్శనకు ఆహ్వానం చాలు.

చీర ప్రస్తుతం వదిన బీరువాలో ప్లాస్టిక్ సంచిలో ఉందని రాశారు. చీరకు ఎవరు హక్కుదారులన్నది తేలేలోపు దాన్ని బయటకు తీసి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. అప్పుడప్పుడు మడత మార్చకపోతే జరీ అదే గీత మీద విరుగుతుంది. నాఫ్తలీన్ ఉండలను పట్టుకు తగలనివ్వకూడదు. ఈ సంగతులన్నీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. మాట కలపడానికి వేరే సాకు వెతుక్కోకుండా, చీర మడత మార్చాలి, కాస్త రండి నాన్నా అని పిలవండి. ఆ పూట కెమెరా తీయవద్దు. సినిమా సంగతి మాత్రం దాచకుండా చెప్పండి: ఎంత కావాలి, ఎవరిని అడుగుతున్నాను, చీర విషయంలో ఏం చేశాను అన్నీ. ఆయన కోప్పడితే పూర్తిగా వినండి. మీరు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న అన్నయ్య సమస్య అక్కడికి సగం తీరుతుంది, ఎందుకంటే తండ్రి సరేనన్న పనికి పరువు పేరుతో అడ్డుపడే ధైర్యం అతనికి ఉన్నట్టు మీ ఉత్తరంలో కనిపించదు.

డబ్బు విషయంలో మీ అమాయకత్వం గురించి కూడా ఒక మాట. బంధువులు కానివారు ఏడాదిలో ఇచ్చే మొత్తం 50,000 రూపాయలు దాటితే ఆదాయపు పన్ను శాఖ దాన్ని మీ ఆదాయంగా లెక్కిస్తుంది. చట్టం దృష్టిలో మేనత్త బంధువే, మేనత్త కొడుకు మాత్రం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న స్నేహితురాలు వేస్తానన్న సొమ్ము విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది కనుక ఆడిటరును అడగకుండా తీసుకోకండి. లక్ష్యం చేరకపోతే వచ్చిన సొమ్ము దాతలకు తిరిగి పోతుందా, మీ దగ్గరే ఉంటుందా అన్న షరతు వెబ్‌సైటును బట్టి మారుతుంది. మీరు ఒప్పుకున్నది ఏదో ఈ వారంలోనే చదువుకోండి.

ఇంత చెప్పాక నాన్నగారు, "అది ఇచ్చేయమ్మా, నీ పని పూర్తి చేసుకో" అంటే ఏం చేయాలని మీరు అడగవచ్చు. అన్నయ్య కూడా సరేనంటే నిరభ్యంతరంగా ఇచ్చేయండి. పెట్టెలో ఉంచినంత మాత్రాన అమ్మ మీద ప్రేమ పెరగదు. లక్ష అన్న ధర మాత్రం మీరు వేసినది. ఈసారి ఎంత అడగాలో ఆయననే చెప్పమనండి.