లాల్‌బాగ్ బండ మీదివి సున్నపురాతి లైకెన్లేనా? ఎలా గుర్తుపట్టాలి?

కావు. బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని బండ నైస్ (gneiss) అనే రకం రాయి, దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది. అందులో సున్నానిది కాదు, సిలికాదే (ఇసుకలో ఉండే పదార్థం) పైచేయి. బెంగళూరులో సున్నం ఇష్టపడే లైకెన్లు కావాలంటే పాత సున్నపు గోడలు, సిమెంటు పిట్టగోడలు వెతకండి. ఊరెళ్తే నంద్యాల జిల్లా బేతంచెర్ల వైపు సున్నపురాతి బండలు చూడండి. రాయి మీద అనుమానముంటే, లైకెన్ లేని చోట ఒక చుక్క వెనిగర్ వేయండి. బుడగలొస్తే సున్నముందన్నమాట.

లైకెన్ అంటే శిలీంధ్రం, శైవలం కలిసి చేసే కాపురం. పేరు పెట్టేది మాత్రం శిలీంధ్రాన్ని బట్టే. పొర, ఆకు, పొద అనే మూడు ఆకారాలు కంటికి సాయపడతాయి కానీ అవి బంధుత్వాన్ని చెప్పవు. (మన మసాలాలో రాతిపువ్వు ఆకు రకం.) సున్నపురాయి మీద ఎక్కువగా ఉండేవి పొర రకాలు. వాటిలో తమాషా అయినవి వెరుకేరియా లాంటివి: కొన్ని రాయి లోపలే బతుకుతాయి, పైకి నల్ల చుక్కలే కనిపిస్తాయి. ఆ చుక్కలు రాలిపోతే రాతిలో సన్నటి గుంటలు మిగులుతాయి.

నారింజ రంగు పొర అయితే కాలోప్లాకా అనే లైకెన్‌కు బంధువు కావచ్చు. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే పారియెటిన్ అనే రంగుపదార్థం వల్ల ఊదా ఎరుపుకు తిరుగుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి, చర్మం కాలుతుంది. చివరి మాట మైక్రోస్కోపుదే: కాలోప్లాకా బీజాల్లో రెండు కొసల్లో రెండు గదులు, మధ్య సన్నటి దారి ఉంటాయి. వెరుకేరియాకు ఒకటే గది. ఫోటో చూసి జాతి పేరు చెప్పేసేవాళ్లను నేనైతే నమ్మను.